లోటు చెప్పుకునే వేళ

విదియ

ఈ దినచర్య చేత్తో రాస్తున్నాను. కప్పీ గుడిసెలో కూర్చునేవాడు రోజూ జరిగింది హెల్మెట్‌కి చెబితే చాలు, అదే రాసి పెడుతుంది. కానీ నేను చెప్పేది ఒకటి, అది రాసేది ఇంకొకటి అవుతోంది. నా సంతోషాన్ని కూడా దాని ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంటే ఒళ్ళు మండి, పాత కాగితాల కట్ట వెతికి తీశాను. నేను పెద్దగా చదువుకోలేదు. అక్షరాలు వంకరగా వస్తాయి. రానీ.

సంతోషం ఏమిటంటే, నా కూతురు తవిటమ్మకి తాడు దొరికింది.

చందమామ మీద తాడు దొరకడమంటే మాటలు కాదు. మాకు నీళ్ళంటే గోతి అడుగున ఉన్న మంచే. ఆ గోతిలోకి ఎండ ఎన్నడూ పడదు. ఒకే మోకుకి కట్టుకుని దిగి, ఆ మంచు కోసి పైకి పంపేవాళ్ళంటే ఊరంతటికీ గౌరవం. ఆ మోకు చివర కప్పీకి చుట్టి ఉంటుంది. ఆ కప్పీ తిప్పేవాణ్ణి నేను. ఇన్నాళ్ళూ ఎవరెవరి పిల్లలనో దింపాను, పైకి లాగాను. ఇక నా బిడ్డను దింపుతాను.

ఆమెకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని మా అమ్మ పాత పద్ధతిలో చేటలో తవుడు పోసి, తవుడిచ్చి కొనుక్కున్నట్టు చేసి ఆ పేరు పెట్టింది. షెడ్డులో పండిన వరి తవుడే. చిన్నప్పుడు మా గదికి చిల్లు పడి గాలంతా బయటికి పోయినప్పుడు పిల్ల బతికింది, చెవులు పోయాయి. మాట మాత్రం ఉంది. మన పెదాలు చూసి మనమేం అంటున్నామో పట్టేస్తుంది.

పొద్దున్నే చిమ్మిలి ఉండలు చేయించి, బజారులోని మైకు దగ్గరకు పోయి చెప్పాను: "మా చెవిటి పిల్లకి తాడు దొరికింది. చిమ్మిలి పంచుతున్నాను, రండి."

మైకు ఊరందరికీ ఇలా చెప్పింది: "మా విశిష్ట శ్రవణ పుత్రికారత్నానికి తాడు లభించినది. మధుర పదార్థం స్వీకరించుటకు విచ్చేయుడు."

వచ్చినవాళ్ళు ఎవరి పిల్ల అని అడిగారు. నా పిల్లేనయ్యా అని ఒక్కొక్కరికీ చెప్పుకోవలసి వచ్చింది. సరే, పిల్ల సంగతి వదిలేద్దాం. చిమ్మిలి ఏం పాపం చేసింది?

దీన్ని మేం జల్లెడ అంటాం. సద్వాక్కు కార్యాలయం వాళ్ళు పెట్టారు. మైకులో పడ్డ ముల్లు మాటని ఏరిపారేసి, మెత్తటి మాట వేస్తుంది. ఊరికే పెట్టలేదు. మా పిల్ల బడికి వెళ్ళే రోజుల్లో వెనకనుంచి పిల్లలు బడి మైకు పట్టుకుని "చెవిటి తవిటీ" అని పాట కట్టి పాడేవారు. ఆమెకు వినపడేది కాదు. మా ఆవిడకు వినపడేది. జల్లెడ వచ్చిన రోజు మా ఆవిడ దీపం వెలిగించి దానికి దండం పెట్టింది. నేనూ పెట్టాను. అప్పట్లో అది బడికీ బజారుకే ఉండేది. ఈ నెల నుంచి గోతి హెల్మెట్లలోకి కూడా వచ్చింది.

చవితి

ఈరోజు నా బిడ్డ గోతిలో దిగింది. దిగి, పైకి వచ్చింది. తన పారతో కోసిన మొదటి మంచు ముక్కను నా చేతికిచ్చింది. అది కరిగిపోతుందని తెలిసి కూడా డబ్బాలో దాచాను.

కానీ ఒక్క విషయం నాకు అన్నం సయించనివ్వడం లేదు.

గోతి అంచున తాడు కట్టుకునే ముందు లోటు చెప్పుకోవడం మా పద్ధతి. మా తాతలు భూమ్మీద సముద్రంలో వలలు లాగిన రోజుల నుంచీ ఉందట. ఒంట్లో ఏది పనిచేయదో, ఆ రోజు ఏది బాగాలేదో ఒక్కొక్కరూ చెప్పాలి. విన్నవాళ్ళు జాలిపడరు, నవ్వరు. దాన్నిబట్టి ఎవరు ముందో ఎవరు వెనకో చూసుకుని ముడులు సర్దుకుంటారు, అంతే.

మా తాడు పెద్ద అసిరయ్య. నాకు బావమరిది వరస. ముందు అతనే చెప్పాడు: "నాకు ఎడం మోకాలు పట్టేత్తాది. దిగినప్పుడు తొందరెట్టకండి."

అందరి హెల్మెట్లలో వినపడింది: "నా వామజానువు విశ్రాంతిప్రియం."

"ఏటన్నాదిది?" అన్నాడు అసిరయ్య. "నా మోకాలికి పెళ్ళి సంబంధం సూత్తన్నాదేటి?"

తరవాత ప్రణీత్. జల్లెడ మాకన్నా ఎన్నో ఏళ్ళ ముందే వచ్చిన పైఊరి బడిలో చదువుకుని కొత్తగా వచ్చిన కుర్రవాడు, పాతికేళ్ళు కూడా ఉండవు. "నాకే లోటూ లేదండి" అన్నాడు.

"లోటు నేనోడు ఈ గోతిలో ఇంతవరకూ దిగనేదు బాబూ. ఎతుక్కో, ఎక్కడో ఉంటాది" అన్నాడు అసిరయ్య.

ఆపైన తవిటమ్మ, రోజూ ఇంట్లో నా ముందు సాధన చేసిన మాటలే, ధైర్యంగా చెప్పింది: "నాకు సెవుడు. కేకలేత్తే ఇనబడదు. ఏదైనా ఐతే తాడు లాగండి."

బయటకి వచ్చింది: "నాది విశిష్ట శ్రవణం. ఇతరులకు అందనిది నాకు అందును. ఏదైనా ఐతే తాడు లాగండి."

ఎదుటివాళ్ళ మాటలు ఆమె హెల్మెట్ అద్దం మీద అక్షరాలుగా కనపడతాయి. ఆమె మాట ఆమెకు కనపడదు. అడుగుకి దిగితే చలికి ఆ అద్దం కూడా మొద్దుబారిపోతుంది. ఇక ఆమెకు మిగిలేది తాడే. తన మాట ఏమైపోయిందో తెలియక, బాగా చెప్పానా అన్నట్టు నావైపు చూసి నవ్వింది. ప్రణీత్ ఆమెకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

అసిరయ్యా నేనూ ముఖాలు చూసుకున్నాం. తాడు మీద అసిరయ్య ముందు, మా పిల్ల నడుమ, ఆమె వెనకే ప్రణీత్.

పంచమి

ఇంట్లో దీపం నా ముఖం మీద పడేలా కూర్చుని ఆమెకు జరిగింది చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

"అందుకా ఆడు నాకు దండమెట్టినాడు? నా మొకంలో ఏ అమ్మవారు అవుపించిందో అనుకున్నాను."

నన్ను బజారు మైకు దగ్గరికి లాక్కుపోయింది. తను ఒక్కో రకంగా చెబుతూ ఉంటే, బయటకి ఏమొస్తుందో నేను పెదాలు కదిపి చూపించాలి.

"నా సెవులు పనిసెయ్యవు."

"నా కర్ణములు ధ్యానమందున్నవి" అని చూపించాను.

"నా సెవిలో రాయడ్డది."

"నా చెవియందు రత్నం కలదు."

చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చే దారిలో మాత్రం నా చొక్కా పట్టుకుని ఆపింది.

"నవ్వులాట కాదు నాన్నా. అసిరయ్య మావకి నా సంగతి తెలుసు. కానీ ఆయన నా ముందుంటాడు. ఎనకున్నోడికి తెలవాల. ఆడు తాడు లాగడు. అరుత్తాడు."

"ప్రణీత్‌కి నేను విడిగా చెబుతానులే."

"ఈ రోజు ఆడికి సెప్తావు. రేపు ఇంకోడొత్తాడు. ఆపీసుకెల్లి గోతి వరకైనా తీసీమను. ఎల్లు. కానీ మెల్లగా సెప్పు. నన్ను ఊరేగించకు."

సాయంత్రమే ప్రణీత్‌కి ఫోన్ చేశాను. చెవుడు సంగతి చెప్పాను. అంతా విని ఆ అబ్బాయి, "తెలుసండి, మీరు చాలా అదృష్టవంతులు" అన్నాడు. అదృష్టమేమిటో అర్థం కాకపోయినా, తెలుసన్నాడు కదా అని ఊరుకున్నాను.

సప్తమి

సద్వాక్కు కార్యాలయంలో హేమలత గారని అధికారిణి. అద్దాల కిటికీ వెనక కూర్చుంటారు. కిటికీకి మైకు.

"నా కూతురు చెవిటిదమ్మా, మీ పెట్టె వల్ల దాని ప్రాణం మీదికి వస్తుంది" అన్నాను.

ఆవిడ ముఖం వికసించింది. "శుభాకాంక్షలండి. విశిష్టులకు తల్లిదండ్రులు కావడం కూడా ఒక యోగం" అన్నారు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ శుభాకాంక్షలే. మూడోసారి నా మాట ఏమైందోగానీ, లోపలినుంచి శాలువా తెప్పించబోయారు. ఇక లాభం లేదని తలుపు నెట్టుకుని లోపలికి పోయి, మైకు లేని గాలిలో, వరండా దద్దరిల్లేలా అరిచాను: "చెవిటిది. నా కూతురు చెవిటిది. దానికి చెవుడు. వినపడదు."

ఆవిడ చెవులు మూసుకోలేదుగానీ, మూసుకున్నంత పని చేశారు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

"పెద్దాయనా, మా అన్నయ్యకి కాలు సరిగా ఉండేది కాదు" అన్నారు నెమ్మదిగా. "వాడి పేరు వసంత్. ఆ పేరు ఎవరికీ తెలియదు. కుంటోడు అనే పిలిచేవారు. పెళ్ళికార్డు మీద వసంత్ అని చూసి, ఎవరీ వసంత్ అన్నారు మా వీధివాళ్ళు. ఆ మాట మళ్ళీ ఎవరూ అనకూడదనే నేను ఈ ఉద్యోగంలో చేరాను. అలాంటి మాటలకి మళ్ళీ తలుపు తెరవమంటే నాకు చేతులు రావండి."

నాకు ఆవిడ మీద కోపం పోయింది. అదింకా చిరాకుగా ఉంది. ఎదుటిమనిషి చెడ్డదైతే తిట్టిపోసి రావచ్చు. ఈవిడ మంచిది. మంచితనంతోనే నా పిల్లను చంపేలా ఉంది.

"మరి తాడు మీద ఏం చెప్పుకోమంటారమ్మా?"

"విశిష్ట అంటే అందరికీ అర్థమవుతుంది కదండీ."

"నాకూ మీకూ అవుతుంది. పాత మాట తెలుసు కాబట్టి. అది తెలియనివాడికి?"

ఆలోచిస్తామన్నారు. ఇంటికొచ్చేసరికి నా అరుపు కబురు నాకన్నా ముందే చేరింది. తవిటమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"వరండా అంతా ఇనబడేట్టు అరిసినావంట కదా."

"నీ కోసమే కదమ్మా."

"నా మాట అది. నాను సెప్పుకుంటే నా లోటు. నువ్వు నలుగురిలో అరిత్తే ఆ బడి పిల్లల పాటే. నన్నడిగినావా?"

అడగలేదు. అదే ఒప్పుకున్నాను. నేను తప్పు ఒప్పుకోవడం అరుదు. మా ఆవిడ కూడా ఆశ్చర్యపోయింది.

దశమి

రాయాలని లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం ముగ్గురూ అడుగున ఉన్నారు; వాళ్ళ దీపాల వెలుగులో పైనుంచి చూస్తున్నాను. అసిరయ్య మంచు గట్టు దాటి అవతల నిలబడ్డాడు. తవిటమ్మ గట్టు ఎక్కింది. వెనకనుంచి ప్రణీత్ దీపంలో గట్టు కింద పగులు కనపడింది.

"ఆగండి" అని అరిచాడు. నా హెల్మెట్‌లో స్పష్టంగా వినపడింది. ఆమె ఆగలేదు. ఎలా ఆగుతుంది? వాడి చేతిలో తాడుంది. ఒక్క గుంజు గుంజితే చాలు. గుంజలేదు.

"ఆగండి, తవిటమ్మ గారూ, ఆగండి."

నేను కప్పీ దగ్గరనుంచి గొంతు చించుకున్నాను: "అది చెవిటిదిరా. దానికి వినపడదురా."

జల్లెడ నా గొంతుతోనే వాడికి ఇలా చెప్పింది: "నాయనా, ఆమెది విశిష్ట శ్రవణం. ఆమెకు సర్వమూ శ్రుతమే."

ఆ రోజు ఫోన్‌లోనూ జల్లెడ ఇదే చెప్పి ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. వాడికి ధైర్యం వచ్చింది. ఇంకా గట్టిగా అరిచాడు.

అవతలనుంచి అసిరయ్య వెనక్కి తిరిగేసరికే గట్టు కుంగుతోంది. నేనిక మాట్లాడటం మానేశాను. కప్పీ బిగించి, ఉన్న బలమంతా పెట్టి మోకు వెనక్కి లాగాను. ప్రణీత్ వెల్లకిలా పడ్డాడు. వాడు పడటంతో వాడికీ ఆమెకూ నడుమ తాడు బిగిసింది. అదే క్షణంలో గట్టు విరిగింది. నా బిడ్డ తాడుకి వేలాడుతూ పోయి గోడకు కొట్టుకుంది.

పైకి లాగాను. ఎలా లాగానో నాకు తెలియదు. మణికట్టు విరిగింది. మిగతా మనిషంతా ఉంది. హెల్మెట్ తీసిన వెంటనే నా ముఖం చూసి, "ఏడవకు, పెదాలు సరిగ్గా అవుపించట్లేదు" అంది.

ఏకాదశి

ఆసుపత్రికి ప్రణీత్ వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల దించుకుని ఏదో గొణిగాడు.

"గెడ్డం ఎత్తి మాటాడు" అంది తవిటమ్మ. "అలా నేలకి సెప్తే నాకేటి తెలుత్తాది?"

తల ఎత్తాడు. "మా బడిలో చెప్పారండి, విశిష్ట శ్రవణం ఉన్నవాళ్ళకి మామూలు చెవికి అందనివి కూడా అందుతాయని. నేను ఒక్కసారి పిలిస్తే చాలు, వింటారనుకున్నాను. వినపడలేదంటే, మీరేదో ధ్యానంలో ఉన్నారనుకున్నాను."

"ధ్యానమా?"

"ఇంతకీ అసలేంటండీ అది?" అని అడిగాడు, చిన్నపిల్లాడిలా.

నేను నోరు తెరిచాను. పంచమి నాటి ఆ చొక్కా పట్టు గుర్తొచ్చి మూసుకున్నాను. తవిటమ్మే చెప్పింది, కట్టు లేని చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని: "సెవుడు అంటారు. ఇక్కడ ఏటీ రాదు. అంతే. దీనెనక ఏ మహిమా నేదు."

వాడు ఆ మాటను నోట్లోనే రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. ఆ వయసు కుర్రవాడికి అది కొత్త మాట. నాకు భయం వేసింది.

త్రయోదశి

సద్వాక్కు కార్యాలయం ఆలోచించింది. ఆలోచించి ఉత్తర్వు పంపింది. విశిష్టుల క్షేమం దృష్ట్యా ఇకపై వారిని గోతిలోకి దింపరాదు. బదులుగా ప్రతి సభలోనూ ముందు వరుసలో గౌరవాసనం.

మాట మార్చమంటే మనిషిని తీసేశారు. నేను ఉత్తర్వు చదివి వినిపించలేదు, చూపించాను. ఆమె చదివి, కంచం పక్కకు నెట్టింది.

"కుర్సీ ఏటి సేసుకోను? ముందు వరసలో కూకుని ఆల్ల ఉపన్యాసం ఇనాలా?"

నవ్వుదామనుకున్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి మానేశాను. గది చిల్లు పడ్డ రోజు కూడా ఆ పిల్ల ఇలా ఏడవలేదు.

కబురు అసిరయ్యకు చేరింది. సాయంత్రం మా ఇంటికొచ్చి కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు.

"లోటున్నోల్లు దిగకూడదంటే, రేపట్నించి నానూ దిగను. నా జానువుకి గౌరవాసనం ఎయ్యమను."

పౌర్ణమి

ఎవరూ దిగలేదు. ఒక్క తాడూ గోతిలోకి పోలేదు. ఊరికి నీళ్ళు తగ్గుతాయనేసరికి హేమలత గారు స్వయంగా తొడుగుల గదికి వచ్చారు. అక్కడే మేం హెల్మెట్లు, సూట్లు వేసుకుంటాం. మైకు లేదు. అసిరయ్య ఆవిడకు బల్ల చూపించాడు.

"కూకోండమ్మా. మా లోటు సెప్పుకునే వేళయింది. హెల్మెట్టు ఎట్టుకోకముందే, ఇక్కడే సెప్పుకుంటాం. మీరు ఇనండి. ముల్లేదో, కాయేదో మీరే ఏరండి."

ఒక్కొక్కరూ చెప్పారు. ఒకామెకు మూడు రోజులుగా నిద్ర లేదు. ఒకాయనకు కుడికన్ను మసక. ఎవరూ నవ్వలేదు. ఒకరి మాట వింటూ పక్కవాడు ముడి మార్చుకుంటూనే ఉన్నాడు. ప్రణీత్ వంతు వచ్చింది. గడ్డం ఎత్తి చెప్పాడు: "నాకు భయం వేస్తే నోరే కదులుతుందండి, చెయ్యి కదలదు. దశమి నాడు తెలిసింది."

"దొరికిందా లోటు" అన్నాడు అసిరయ్య. "ఐతే నువ్వింక ముందుండు. మా ఎనక వద్దు."

తవిటమ్మ కట్టు చేత్తోనే నిలబడింది. "నాకు సెవుడు. తాడు లాగండి."

హేమలత గారు బల్ల మీంచి లేచారు. అన్నగారు గుర్తొచ్చి ఉంటారు. తరవాత మా పిల్ల ఎదురుగా వచ్చి, పెదాలు కనపడేలా నిలబడి అడిగారు: "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

నన్ను కాదు, ఆమెనే అడిగారు.

"తవిటమ్మ అనండి. తాడు కట్టుకున్నప్పుడు సెవుడు అనండి, నా పానం దానిమీదుంటాది. బజార్లో ఎవడైనా ఎనకనుంచి సెవిటీ అని పిలిత్తే మాత్రం మీ జల్లెడ ఆ మాటని మింగీయొచ్చు, నానేటీ అనను. ఇశిష్ట మాత్రం వద్దు. దండాలెట్టించుకోడానికి ఓపిక నేదు."

ఆవిడ నవ్వారు. ఉత్తర్వు చించలేదు, అంత అధికారం ఆవిడకు లేదట. కానీ లోటు చెప్పుకోవడం తొడుగుల గదిలో, మైకు లేకుండానే జరగాలనీ, అది విన్న తాడు పెద్ద ఒప్పుకుంటే ఎవరైనా దిగవచ్చనీ అక్కడే కూర్చుని రాసి సంతకం పెట్టారు. గోతి హెల్మెట్లలో జల్లెడ తీసేయడానికి పైవాళ్ళకు రాస్తామన్నారు. రాయనీ. జల్లెడ లేని హెల్మెట్ వచ్చేవరకూ మా నోళ్ళున్నాయి.

రెండు నెలల తరవాత, మళ్ళీ విదియ

కట్టు విప్పారు. ఈరోజు నా బిడ్డ మళ్ళీ దిగింది.

పొద్దున్న మా ఆవిడ చిమ్మిలి డబ్బా నా చేతిలో పెట్టి, "ఈసారి మైకు దగ్గరకు పోకు" అంది. పోలేదు. ఇంటింటికీ నడిచి, నోటితో చెప్పి పంచాను. చిమ్మిలి చిమ్మిలిలాగే అందరికీ చేరింది.

తొడుగుల గదిలో అందరి లోట్లూ అయ్యాయి. హెల్మెట్లు అందుకుంటున్నారు. తవిటమ్మ ఆగి నావైపు తిరిగింది.

"మరి నీ లోటో నాన్నా? కప్పీ కాడోడు సెప్పక్కర్నేదా?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. అందరూ చూస్తున్నారు. ఏం దాచను?

"నాకు నోరు ఆగదమ్మా" అన్నాను. "సంతోషం వచ్చినా ఆగదు, భయం వచ్చినా ఆగదు. ఊరంతా చెబితేగాని నిద్రపట్టదు."

ఆమె హెల్మెట్ నెత్తి మీద పెట్టుకుంటూ, అసిరయ్య వైపు తిరిగి అంది: "ఇన్నావా మావా? సెవుడు కాబట్టి ఇరవయ్యేల్లుగా ఈయన ఇంట్లో నానొక్కదాన్నే సుకంగా పడుకున్నాను."

గది గదంతా నవ్వింది. ఆమె పోయి తాడు కట్టుకుంది. ప్రణీత్ ఆమె ముందు. నేను కప్పీ దగ్గరకొచ్చి కూర్చున్నాను. మోకు నా చేతుల్లో వదులవుతూ కిందికి పోతూనే ఉంది. కొంతసేపటికి అడుగునుంచి ఒక్క గుంజు వచ్చింది. చేరానని.

నేనూ ఒక్క గుంజు గుంజాను.